నహుషుని పల్లకి

మంజీరా తీరపు సీమలో, మహారాష్ట్ర సరిహద్దున నున్న డోంగ్లి మొదలగు గ్రామములవారికి మహాభారతము దూరపుకథ కాదు. లక్కయింటినుండి తప్పించుకొనిన పాండవులు తలదాచుకొన్న ఏకచక్రపురము అనతిదూరమున నున్న బోధనే యని ఈ ప్రాంతమున చిరకాలముగా విశ్వాసము కలదు. బకాసురుని కథ యెరుగని బాలుడు ఇచ్చట నుండడు. కాని ఆ కథయందొక సంగతిని మనము తరచుగా మరచుచున్నాము. బకుడు ఊరిమీద పడి దోచుకొన్న దొంగ కాడు, ఊరిని కాపాడువాడు! ఆ దేశపు రాజు దుర్బలుడై ప్రజలను విడనాడగా, పరులవలన భయము లేకుండ రక్షించినవాడు ఆ రాక్షసుడే. బండెడన్నము, రెండు దున్నపోతులు, వానిని తోలుకొనిపోయిన మనుష్యుడు అతనికి చెల్లు కూలి. కంచె చేను మేయుట యనగా నిదియే. చేను మాత్రము చాలకాలము ఆ కంచెకు కృతజ్ఞతతోనే యుండెను.

అయినను బకుడు పుట్టుకచే రాక్షసుడు. అతడు నరులను తినుటలో వింత లేదు. వింతయైనది, విచారింపదగినది నహుషుని కథ. కవులు కల్పించిన అద్భుతలోకములలో మహావీరులు అధికారముచే చెడిన వృత్తాంతములు పెక్కు కలవు. దత్తాత్రేయుని వరమున వేయిచేతులు పొంది, ధర్మముగా నేలి, తుదకు జమదగ్ని ఆశ్రమధేనువునకై చేయి చాచిన కార్తవీర్యుడట్టివాడే. కాని చెడుట యెట్లు జరుగునో మెట్టుమెట్టుగా చూపిన కథ నహుషునిదని మా యభిప్రాయము.

వృత్రుని చంపిన పాపభీతిచే ఇంద్రుడు దాగినప్పుడు స్వర్గమునకు రాజు లేకపోయెను. దేవతలును ఋషులును నహుషునికడకు వచ్చి, ఇంద్రపదవి నధిష్ఠింపుమని ప్రార్థించిరి. యశస్వియు, ధర్మపరుడునగు ఆ రాజు మొదట చెప్పిన ప్రత్యుత్తరము మిక్కిలి మెచ్చదగినది: తాను దుర్బలుడననియు, అంతటి భారమునకు చాలననియు పలికెను. అచ్చటితో కథ ముగిసియుండిన ఎంత బాగుండెడిది! వారూరకుండిరా? తమ తపఃఫలములను ధారవోసిరి. అంతటితో నాగక, అతని కంటబడిన ప్రతివాని తేజస్సును అతనిదే యగునట్లు వరమిచ్చిరి. చదువరులు ఈ వరము నొకింత యోచింతురు గాక. ఎదుట నిలిచి కాదనగలవాడు ఇక లోకమున నుండడు; ఎదుట నిలుచుటచేతనే వాని బలము పోవును. నహుషుని చెరచినది అతని దుర్గుణమా, ఈ కానుకయా?

పిదప జరిగినది లోకవిదితము. విలాసములలో మునిగిన నహుషుడు శచీదేవిని తనకు లోబడుమనెను. దేవతలు పరదార యని నచ్చజెప్పబోగా, అహల్య విషయమున ఇంద్రుని మీరేల వారింపలేదని తిరిగి ప్రశ్నించెను. దీనికి దేవతలకడ ఉత్తరము లేదు. వెనుకటి దొర తప్పు ఇప్పటి దొరకు హక్కుపత్రమగుట మనమెరుగని వ్యవహారమా? శచి గడువు కోరి, దాగియున్న భర్తను వెదకి, అతడు చెప్పిన ఉపాయమున, ఋషులు మోయు వాహనముపై రమ్మని నహుషుని పిలిచెను. అతడు సంతోషముతో ఒప్పుకొనెను. మహర్షుల భుజములపై పల్లకి యెక్కి, వారితో వాదించుచు, అగస్త్యుని తల కాలితో తాకి, శాపముచే కొండచిలువయై నేలబడెను. ‘సర్ప’ యని ముని నడకను తొందరించెననియు, ఆ మాటయే శాపమయ్యెననియు పురాణములు చెప్పుచున్నవి.

తెలంగాణపు పాఠకునికి ఈ పల్లకి క్రొత్త కాదు. 1948 వరకు నిజాము పాలనలో నున్న ఈ ప్రాంతములలో దొరల మేనాలను మోయుట వెట్టిచాకిరిలోని దొక భాగము. 1921లో హైదరాబాదున నేర్పడిన ఆంధ్ర జనసంఘము, 1930లో జోగిపేటలో తొలిసభ జరిపిన ఆంధ్ర మహాసభ ఈ దురాచారముపై పోరాడినవి. భూస్వాములందరు నట్టివారేయని మా భావము కాదు. చెరువులు త్రవ్వించి, కరవునాట ధాన్యపుకొట్లు తెరచినవారు నుండిరి. మేము చెప్పునది వారినిగూర్చియే. మంచి దొర యని ఊరంతయు చేతులు జోడించిన యింటనే మేనా తరువాతి తరమున హక్కైనది. తాత గౌరవమునకై మోసిరి. మనుమడు అలవాటున ఎక్కెను.

ఇతర దేశముల కవులును ఈ మర్మము నెరుగుదురు. ఆంగ్లేయుడగు టోల్కీను 1954, 1955 సంవత్సరములలో వెలువరించిన ఉంగరముల కథలో, గాండాల్ఫు అను వృద్ధజ్ఞాని సర్వశక్తినొసగు ఉంగరమును ఉచితముగా చేతికిచ్చినను పుచ్చుకొనడు. చెడ్డవాడనై కాదు, దానితో మేలు చేయగోరుదును గనుకనే భయమని అతని తలంపు. ఉంగరమును నాశము చేయ కొండకొమ్ము వరకు మోసికొనిపోయిన సాధువు ఫ్రోడో సైతము చివరి క్షణమున దానిని విడువజాలకపోయెను. మన చలనచిత్రములు ఇంత కఠినముగా నుండవు. 1951 నాటి పాతాళభైరవిలో కోరినదిచ్చు ప్రతిమ చేతికి వచ్చినను తోటరాముడు తోటరాముడే. అధికారదాహమంతయు నేపాళ మాంత్రికుని పాలికి వదలిరి. చూచుటకింపుగా నున్నది గాని, నహుషుని కథ యిచ్చు కలవరము ఇందు లేదు.

పతనానంతరము నహుషుడేమయ్యెను? అరణ్యపర్వమున ఆ కొండచిలువ భీముని పట్టినప్పుడు, అంత బలశాలి కదలలేకపోయెను. ధర్మరాజు వచ్చెను. సర్పము ప్రశ్నలడిగెను, బ్రాహ్మణుడెవడను ప్రశ్నకు, సత్యము, దానము, క్షమ, శీలము గలవాడనియే గాని, కులమునుబట్టి కాదని ధర్మరాజు బదులిచ్చెను. ఋషుల భుజముల నెక్కినవాడు ఈ మాట వినుటకు అంతకాలము పొదలలో ప్రాకవలసి వచ్చెను. ఐశ్వర్యము శూరుని, ప్రాజ్ఞుని సైతము మోహపరచునని అప్పుడతడే ఒప్పుకొనెను.

ఉద్యోగపర్వమున ఈ కథను ధర్మరాజునకు చెప్పినవాడు శల్యుడు. దుర్యోధనుని ఆతిథ్యమునకు అప్పుడే అమ్ముడుపోయి వచ్చినవాడు. వ్యాసుడు ఇంకొక చిన్న విషయమును వ్రాసినాడు. నహుషుని కూలద్రోయుటకు ఇంద్రుడు కుబేర యమ వరుణులను కూడగట్టెను. యుద్ధమింకను ఆరంభము కాలేదు. యక్షులపై ఆధిపత్యము కుబేరునకు, పితరులపై యమునకు, జలములపై వరుణునకు, యజ్ఞమున భాగము అగ్నికి అని పంపకములు జరిగినవి. అట్లు మంతనములాడుచుండగా అగస్త్యుడు వచ్చి, నహుషుడు పడిపోయెనని చెప్పెను.