పసివారి కనుచూపు

హెచ్.ఐ.వి. సోకిన పెద్దవాడు కంటిలో నీడలు కదలినట్లు తోచినంతనే వైద్యునితో చెప్పుకొనును. నాలుగేండ్ల బిడ్డ చెప్పజాలడు. ఒక కన్ను మసకబారినను రెండవ కంటితో ఆడుకొనుచునే యుండును. చిక్కంతయు నిచటనే యున్నది.

కంటి వెనుకభాగమున రెటీనా యను సున్నితమైన పొర కలదు. సైటోమెగలో వైరస్ మనలో చాలమంది శరీరములందు నిద్రాణమై, ఏ హానియు చేయక పడియుండును. రక్తమందలి సి.డి.4 కణములు మిక్కిలి క్షీణించినపుడు, పెద్దలలో సాధారణముగ ఘన మిల్లీమీటరునకు 50కి దిగువను, అది మేల్కొని రెటీనాను నాశనము చేయ నారంభించును. చిన్నబిడ్డలలో ఈ కణములు సహజముగనే హెచ్చు. కావున పెద్దల కొలత వారికి చెల్లదు. నొప్పి యుండదు, కన్ను ఎఱ్ఱబడదు. పైకి చూచిన చక్కని కన్నే!

మందుచుక్కలతో కంటిపాపను విప్పారజేసి లోపల పరీక్షించుటయే మార్గము. గాన్‌సైక్లోవిర్ ఆ వైరస్‌ను అణచును. మనదేశమున 2004 ఏప్రిల్ నుండి ప్రభుత్వ మిచ్చుచున్న ఉచిత ఏ.ఆర్.టి. మందులు రోగనిరోధకశక్తిని నిలబెట్టును. నశించిన పొర మాత్రము తిరిగి మొలవదు. శక్తి పుంజుకొను వేళ గూడ కొందఱి కంటిలోపల వాపు పుట్టును గనుక, బిడ్డ తేరుకొనెనని పరీక్ష మానరాదు.

తల్లిదండ్రులు లేని బిడ్డను సాకు అవ్వలకే ఈ మాట ముఖ్యముగ చెప్పవలసి యున్నది. బిడ్డ గడప తట్టుకొని పడిన అల్లరి యని కసరుదుము, నేనైనను కసరియుందును. ఒక్కొక్క కంటిని అరచేతితో మూసి, బొమ్మను కదలించి చూడుడు. చూపున్న కన్ను మూసినపుడు బిడ్డ చేయి త్రోసివేసి యేడ్చును. ఆ దినముననే ఆసుపత్రికి కొనిపోవలెను.