రాతి బీటలలో వేడినీటి చరిత్ర

1983 జూన్ 30వ తేదీన మేడ్చల్ ప్రాంతంలో భూమి కంపించినది. రిక్టరు కొలతపై 5కు లోపే అయినా, ఆ అదురు హైదరాబాదు నగరవాసులకు తెలిసినది. భూకంపాలు హిమాలయాలకే చెందినవనీ, దక్కను పీఠభూమి చలనమెరుగని గట్టినేల అనీ తలచేవారికి అది ఒక హెచ్చరిక. ఎంత గట్టి రాతికైనా బీటలుంటవి. బీటకు ఇరుప్రక్కల రాయి జరిగితే దానిని భ్రంశమంటారు. అట్టి భ్రంశం పూర్వం ఎప్పుడు కదిలినదో తెలుసుకోవడమెట్లు?

మేడ్చల్, శామీర్‌పేటల చుట్టూ ఉన్న గ్రానైటు గుండ్లు సుమారు 250 కోట్ల ఏళ్ళనాటివి. అయితే రాతి వయస్సు వేరు, దాని బీట వయస్సు వేరు. గోడ కట్టిన సంవత్సరం తెలిసినంతమాత్రాన, అది బీటవారిన సంవత్సరం తెలియదు గదా!

ఈ చిక్కును విప్పడానికి నీరే తోడ్పడుతున్నది. భ్రంశం కదలినపుడు రాయి నలిగి, లోతు నుండి నీటికి దారి ఏర్పడుతుంది. భూగర్భంలోనికి పోయినకొద్దీ కిలోమీటరుకు సుమారు 25 డిగ్రీల వంతున వేడిమి హెచ్చుతుంది. ఆ వేడినీరు రాతిలోని పదార్థాలను కరిగించుకొని పైకి వచ్చి, చల్లారుతూ వాటిని బీటలో విడిచిపెడుతుంది. హైదరాబాదు పరిసరాల గ్రానైటులో కనిపించే తెల్లని పలుగురాతి చారలు, పెసరపచ్చని ఎపిడోట్ పూతలు ఇట్టి జాడలే. గుండ్లనెక్కి ఆడుకొనే పిల్లలు వీటిని నిత్యమూ చూస్తూనే ఉంటారు.

కొన్ని ఖనిజాలు తమలో గడియారాన్ని దాచుకొని ఉంటవి. అభ్రకంలో పొటాషియం ఉన్నది. అందులో రేడియోధార్మికమైన స్వల్పభాగం 125 కోట్ల ఏళ్ళకు సగమవుతుంది. అట్లు తరిగినదానిలో కొంత ఆర్గాన్ వాయువుగా మారి స్ఫటికంలో చిక్కుకొని ఉంటుంది. వేడిమి 300, 400 డిగ్రీలు దాటితే ఆ వాయువు పలాయనం చేస్తుంది. గడియారం మళ్ళీ మొదటికి వస్తుంది. జిర్కాన్ అట్లు కాదు. అందులోని యురేనియం సీసంగా మారే లెక్కను ఆ మాత్రపు వేడి చెరపలేదు. కనుక జిర్కాన్ గ్రానైటు పుట్టుకను చెబితే, అభ్రకం అది చివరిసారి వేడెక్కి చల్లారిన కాలాన్ని చెబుతుంది.

ఇక్కడ తొందరపాటు కూడదు. ఆ ప్రాంతమంతా నెమ్మదిగా చల్లారినా అభ్రకం వయస్సు తక్కువగానే కనబడుతుంది. అందుచేత బీటలోని రాతిని, దానికి దూరంగా ఉన్న రాతిని కూడ పరీక్షించాలి. బీట ప్రక్కని అభ్రకం మాత్రమే చిన్నవయస్సు చూపితే, ఆ దారిన వేడినీరు పారినదనడానికి అది బలమైన సాక్ష్యం.

ఆల్ప్స్ పర్వతాలలో ఇట్టి పరిశోధన బాగా సాగినది. అక్కడి రాతి నెరియలలో వేడినీటినుండి పుట్టిన మోనజైట్ స్ఫటికాలున్నవి. మన భీమునిపట్నం ఇసుకలో దొరికే మోనజైట్ కూడ ఆ ఖనిజమే. దానిలోని థోరియం 1400 కోట్ల ఏళ్ళకు సగమై, క్రమంగా సీసంగా మారుతుంది. ఆ లెక్కన ఆల్ప్స్ నెరియలలోని స్ఫటికాలు పెక్కు సుమారు రెండు కోట్ల ఏళ్ళలోపువని తేలినది. వాటిని మోస్తున్న రాళ్ళు అంతకంటె ఎన్నో రెట్లు పాతవి. పర్వతభ్రంశాలు ఎప్పుడు కదిలినవో ఆ చిన్న రేణువులే చెప్పినవి.

వేడినీటి సంచారం గతించిన కథ మాత్రమే కాదు. హిమాలయాలలో మణికరణ్ వద్ద నేటికీ నీరు మరుగుతూ ఉబుకుతున్నది. మన గోదావరి లోయ భ్రంశాల నడుమ కుంగిన నేల. అక్కడ మణుగూరు దగ్గరి పగిడేరులో బోరుబావులనుండి వేడినీరు వస్తున్నది. ఆ లోయలోనే, భద్రాచలం ప్రాంతంలో, 1969 ఏప్రిల్ 13న 5.7 తీవ్రతతో భూకంపం వచ్చినది.

మేడ్చల్‌లో నేడు అట్టి వేడి ఊటలు లేవు; మిగిలినవి రాతిపై చారలే. రాతి వయస్సును లెక్కించే విద్యకు హైదరాబాదులో లోటు లేదు. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961 నుండి ఇక్కడనే ఉన్నది. అయితే నగరం పెరిగినకొద్దీ గుండ్లు కంకరగా, పునాది రాళ్ళుగా మారిపోతున్నవి. స్థానం చెదరిన రాయిలో ఖనిజం వయస్సు నిలిచే ఉంటుంది గాని, అది ఏ బీట ప్రక్కన పుట్టినదో చెప్పే సాక్ష్యం పోతుంది. ఒక గుండును పగులగొట్టడానికి ముందు దాని చారలు ఏ దిక్కుకు పోతున్నవో, ఏ రంగున ఉన్నవో గుర్తించి, బొమ్మ గీసి ఉంచడం పాఠశాల విద్యార్థులు కూడ చేయగల పని. కాలిక్రింది నేల ఎప్పుడు కదిలినదో తెలుసుకోదలచేవారికి ఆ బొమ్మలు రేపు అక్కరకు వస్తవి.