రాగం నలుగురిది, రికార్డు ఎవరిది?

సంగీతంలో ప్రగతిశీలత గురించి చర్చ వచ్చినప్పుడల్లా మనం పాటలోని మాటల దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాం. మాట లేని సంగీతం మన విమర్శకు అందదు. నేనూ చాలాకాలం అలాగే ఉన్నాను. 1960లలో అమెరికాలో, ఇంగ్లండులో వెల్లువెత్తిన గిటారు, ఆర్గన్ బృందాల వాద్యసంగీతాన్ని కుర్రకారు కాలక్షేపం కింద కొట్టిపారేశాను. వస్తువే లేనిచోట విమర్శకుడికి పనేమిటన్నది నా వాదన. అది తప్పని నాకు తెలిసింది, ఆ బృందాల్లో ఒకదాని సభ్యులు చివరికి ఏమయ్యారో తెలుసుకున్నాక. ఆ బృందం పేరు బుకర్ టి. అండ్ ది ఎం.జీస్.

వాళ్ళది అమెరికా దక్షిణాది నగరం మెంఫిస్. 1960 నాటికి అక్కడ నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒక హోటల్లో కూర్చుని తినడానికి వీల్లేదు. ఆ ఊళ్ళో జిమ్ స్టూవర్ట్ అనే తెల్ల బ్యాంకు ఉద్యోగి, అతని అక్క ఎస్టెల్ యాక్స్‌టన్ కలిసి, నల్లవాళ్ళ పేటలో మూతపడిన సినిమాహాలును అద్దెకు తీసుకుని రికార్డింగు స్టూడియో పెట్టారు. ఇద్దరి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు కలిస్తే స్టాక్స్ అయింది. హాలు ముందు భాగంలో రికార్డుల దుకాణం ఉండేది. దుకాణానికి వచ్చే పేట కుర్రవాళ్ళలో కొందరు లోపల వాద్యకారులయ్యారు.

1962 వేసవిలో అక్కడ నలుగురు చేరారు. ఆర్గన్ మీద బుకర్ టి. జోన్స్, వయసు 17. గిటారు స్టీవ్ క్రాపర్, బేస్ లూయీ స్టైన్‌బర్గ్, డ్రమ్స్ ఆల్ జాక్సన్. క్రాపర్ తెల్లవాడు, మిగిలిన ముగ్గురూ నల్లవాళ్ళు. వేరొక గాయకుడి కోసం వచ్చి, మిగిలిన సమయంలో వాళ్ళు తమకోసం వాయించుకున్నారు. రికార్డు రెండోవైపు నింపడానికి చేసిన బాణీకి 'గ్రీన్ ఆనియన్స్', అంటే ఉల్లికాడలు, అని పేరు పెట్టారు. అది అమెరికా పాపులర్ పట్టికలో 3వ స్థానానికి, నల్లజాతి శ్రోతల ఆర్ అండ్ బి పట్టికలో 1వ స్థానానికి చేరింది. బాణీ కర్తలుగా నలుగురి పేర్లూ నమోదయ్యాయి. ఈ వివరం గుర్తుంచుకోవాలి.

ఆ మూడు నిమిషాల వాద్యంలో ఎవరూ ఎక్కువ వాయించరు. ఆర్గన్ బాణీ చెబుతుంటే గిటారు పొడి దెబ్బలతో జవాబిస్తుంది. బేస్, డ్రమ్స్ ఎక్కడా తొందరపడకుండా కింద నేల పరుస్తాయి. ఒకరు వాయిస్తుంటే మిగిలిన ముగ్గురూ వింటున్నారని మనకు తెలుస్తుంది. వీధిలో చట్టం విడదీసిన మనుషులు గదిలో ఒకరినొకరు ఎలా విన్నారన్నదే ఇందులోని వస్తువు. అది మాటల్లో లేదు, శిల్పంలో ఉంది. నేను చూడలేకపోయింది దీన్నే.

ఆ తర్వాత ఈ బృందమే స్టాక్స్ ఆస్థాన వాద్యబృందమైంది. ఓటిస్ రెడ్డింగ్, శామ్ అండ్ డేవ్, కార్లా థామస్ పాటల వెనక వినిపించేది వీళ్ళే. జోన్స్ ఇండియానా విశ్వవిద్యాలయంలో సంగీతం చదువుతూ సెలవురోజుల్లో వచ్చి వాయించేవాడు. 1965 ప్రాంతంలో స్టైన్‌బర్గ్ స్థానంలోకి క్రాపర్ చిన్ననాటి స్నేహితుడు డొనాల్డ్ 'డక్' డన్ వచ్చాడు. అప్పటినుంచి ఇద్దరు నల్లవాళ్ళు, ఇద్దరు తెల్లవాళ్ళు. ఆ ఊళ్ళో వాళ్ళందరూ కలిసి కూర్చోగలిగిన కొద్ది చోట్లలో లొరెయిన్ మోటెల్ ఒకటి.

1968 ఫిబ్రవరిలో మెంఫిస్ పారిశుధ్య కార్మికులు, సుమారు 1,300 మంది నల్లవాళ్ళు, సమ్మెకు దిగారు. వాళ్ళకు మద్దతుగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్ ఏప్రిల్ 4న అదే లొరెయిన్ మోటెల్ వసారాలో హత్యకు గురయ్యాడు. గదిలోని స్నేహం గది బయటి సమాజాన్ని మార్చలేదు. పైగా బయటి సమాజమే గదిలోకి వచ్చింది. స్టూడియోలో మునుపటి చనువు మళ్ళీ కుదరలేదు.

అదే ఏడాది మరో దెబ్బ తగిలింది. రికార్డుల పంపిణీ కోసం 1965లో అట్లాంటిక్ కంపెనీతో స్టూవర్ట్ చేసుకున్న ఒప్పందంలో ఒక షరతు ఉంది. దాని ప్రకారం, అట్లాంటిక్ పంపిణీ చేసిన స్టాక్స్ రికార్డుల మూలప్రతులన్నీ అట్లాంటిక్ సొత్తు. స్టూవర్ట్ చదవకుండా సంతకం పెట్టాడు. అట్లాంటిక్‌ను వార్నర్ కొన్నాక అది బయటపడింది. బాణీ మీద నలుగురి పేర్లున్నాయి, మూలప్రతి మాత్రం న్యూయార్కు కంపెనీ చేతికి పోయింది. సమష్టి సృష్టి ఒక సంతకంతో మార్కెట్టు సరుకైంది. స్టాక్స్‌ను ఇంకో పెద్ద వ్యాపార సంస్థ, గల్ఫ్ అండ్ వెస్టర్న్, కొనుక్కుంది.

బృందం విడిపోయింది. జోన్స్ కాలిఫోర్నియా వెళ్ళి, 1971లో బిల్ విదర్స్ మొదటి ఆల్బమ్‌నూ, 1978లో విల్లీ నెల్సన్ 'స్టార్‌డస్ట్'నూ నిర్మించాడు. క్రాపర్ 1970లో స్టాక్స్ వదిలాడు. జాక్సన్ ఆల్ గ్రీన్ పాటలకు డ్రమ్స్ వాయించాడు, 'లెట్స్ స్టే టుగెదర్' సహరచయితల్లో ఒకడయ్యాడు. నలుగురూ మళ్ళీ కలవాలనుకుంటున్న సమయంలోనే, 1975 అక్టోబరు 1న, జాక్సన్‌ను అతని ఇంట్లోనే కాల్చి చంపారు. ఆ హత్యకు ఎవరికీ శిక్ష పడలేదు. ఆ డిసెంబరులోనే స్టాక్స్ దివాళా తీసింది. 1989లో ఆ భవనాన్ని కూల్చేశారు. 2003లో అదే స్థలంలో మ్యూజియం వెలిసింది. పనిచేసిన చోటును పడగొట్టి, ఆ పనికి స్మారకం కట్టడం!

డన్, క్రాపర్ 1980లో వచ్చిన 'బ్లూస్ బ్రదర్స్' సినిమాలో కనిపించారు. డన్ 2012 మే 13న, టోక్యోలో కచేరీ ముగించుకున్న రాత్రి, నిద్రలోనే పోయాడు. స్టైన్‌బర్గ్ 2016లో చనిపోయాడు. 'గ్రీన్ ఆనియన్స్'లో వినిపించే బేస్ అతనిది, కాని బృందం పేరు చెబితే చాలామందికి గుర్తొచ్చే బొమ్మలో ఉండేది డన్. క్రాపర్ 2025 డిసెంబరులో కన్నుమూశాడు. జోన్స్ 2019లో తన ఆత్మకథ ప్రచురించాడు.

మన సినిమా రికార్డుల అట్టల మీద గాయకుల పేర్లుంటాయి, వాద్యకారుల పేర్లు చాలావరకు ఉండవు. అందుకే ఈ కథ నాకు దూరపు కథ అనిపించలేదు. కళలో వస్తువేమిటని అడగడం మనకు అలవాటే. దాన్ని ఎవరు కలిసి చేశారు, ఏ సంబంధాల్లో చేశారు, చేశాక అది ఎవరి సొత్తయింది అన్న ప్రశ్నలు కూడా విమర్శలో భాగమే. వాటిని అడగనంతకాలం, నేను ఆ బృందాన్ని కొట్టిపారేసినట్టే, మనం ఇంకా ఎందరినో కొట్టిపారేస్తూనే ఉంటాం.