చేనేత పంచె

చేనేత పంచె అనగా చేతిమగ్గముపై నేసిన, కుట్టు లేని, రెండు ప్రక్కలా అంచులు గల పురుషుల వస్త్రము. దీనిని ధోవతి అని కూడా అంటారు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో నిత్యము పంచె కట్టేవారు నేడు చాలావరకు పెద్దవయసువారే. అయినను పంచెల వేడుక, పెండ్లి, వ్రతము, సంక్రాంతి వంటి సందర్భములలో మొదటిసారి పంచె కొనే యువకులకు కొదవ లేదు. ఆ మొదటి కొనుగోలులోనే మోసపోవుటకు అవకాశము ఎక్కువ. గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, కాగితపు పట్టీ చుట్టిన మడతలో ఏ పంచె అయినా బాగానే కనిపిస్తుంది.

సందర్భములు

ఆడపిల్లలకు ఓణీల వేడుక ఉన్నట్లే మగపిల్లలకు పంచెలు కట్టించే వేడుక గుంటూరు, కృష్ణా ప్రాంతములలో పలు కుటుంబములలో ఉన్నది. పంచెలు పెట్టుట సాధారణముగా మేనమామ వంతు. పెండ్లిలో వధూవరులు కట్టే మధుపర్కములు కూడా తెల్లని నేతబట్టలే; వరునికి పంచె, వధువుకు చీర. వీటికి ఎఱుపు లేదా పసుపు అంచు ఉంటుంది.

పంచెను ఒంటిగా గాక, పై పంచెతో కలిపి జతగా అమ్ముతారు. ఈ జతను పంచెల చాపు అంటారు. పై పంచెనే ఉత్తరీయము, కండువా అని కూడా వ్యవహరిస్తారు, కాని కండువా తరచుగా వెడల్పు తక్కువది. చాపు కొనేటప్పుడు రెండిటి నూలు, అంచు ఒకటేనా అని విప్పి చూడవలెను. క్రింది పంచె మంచిది, పై పంచె నాసిరకము పెట్టుట పాత చమత్కారమే.

కొలతలు

పంచె పొడవును మూరలలో చెబుతారు. మూర అనగా మోచేతి నుండి నడిమివ్రేలి కొన వరకు గల పొడవు. వర్తకములో దీనిని అరగజముగా, అనగా 18 అంగుళములుగా లెక్కిస్తారు. ఆ ప్రకారము ఎనిమిది మూరల పంచె 4 గజములు, అనగా సుమారు 3.65 మీటర్లు, తొమ్మిది మూరలది సుమారు 4.1 మీటర్లు, పది మూరలది సుమారు 4.57 మీటర్లు. అడ్డకట్టుకు నాలుగు మూరలది చాలును. గోచి పోసి కట్టుటకు ఎనిమిది మూరలకు తక్కువైతే కుచ్చిళ్ళు పలుచబడి, నడిచేటప్పుడు గోచి లాగివేస్తుంది. నడుము లావైనవారు తొమ్మిది లేదా పది మూరలది తీసుకొనుట మేలు.

పొడవు కంటె వెడల్పు విషయములో పొరపాట్లు ఎక్కువ. బొడ్డు క్రింది నుండి మడమ వరకు కొలిచి, మడచి దోపుటకు మరి కొన్ని అంగుళములు కలిపిన కొలత పంచె వెడల్పుకు సరిపోవలెను. రెండు ప్రక్కలా అంచు ఉండుట వలన చొక్కా గుడ్డ వలె దీనిని కత్తిరించి సరిచేయుటకు వీలు లేదు. వెడల్పు మగ్గము మీదనే నిర్ణయమైపోతుంది. పదేండ్ల బాలునికి పెద్దల పంచె కడితే నడుము వద్ద మూటవలె తయారగుటకు కారణమిదే. బాలునికి వెడల్పు తక్కువ గల పంచెను ప్రత్యేకముగా అడుగవలెను. స్కాట్లండు పురుషులు ధరించే ఉన్ని కిల్టుకు కూడా సాంప్రదాయికముగా సుమారు 8 గజముల గుడ్డ పడుతుంది, కాని దాని కుచ్చిళ్ళను దర్జీ ఒకసారి కుట్టి పెడతాడు. పంచె కుచ్చిళ్ళను కట్టేవాడు ప్రతిసారి తానే పెట్టుకోవలెను. ఎలాస్టిక్, అతుకుపట్టీలతో కుట్టిన పంచెలు కూడా అంగళ్ళలో దొరుకుచున్నవి. అవి వేషమునకు పనికివచ్చునే గాని కుట్టు లేనిదే పంచె అన్న మాటకు నిలువవు.

నూలు నంబరు

పంచె నాణ్యతకు మొదటి ఆధారము నూలు నంబరు. దీనినే కౌంటు అంటారు. ఒక పౌను బరువు గల నూలులో 840 గజముల చిలపలు ఎన్ని ఉన్నవో ఆ సంఖ్యయే నంబరు. 40 నంబరు నూలు పౌనుకు 33,600 గజములు వస్తుంది, 100 నంబరు నూలు 84,000 గజములు వస్తుంది. కనుక నంబరు పెరిగిన కొలదీ పోగు సన్నబడుతుంది. చీటీపై 80×80 అని ఉన్నచో పడుగు, పేక రెండూ 80 నంబరువని అర్థము. మంగళగిరి నేతలో 80 నంబరు నూలు వాడుక ఎక్కువ. 40, 60 నంబర్ల పంచెలు ముతకవైనను గట్టివి, రోజువారీ కట్టుకు అవే తగును. 100, 120 నంబర్లవి మెత్తగా, తేలికగా ఉండి మడతకు లొంగుతాయి, ధర కూడా హెచ్చు.

ఇక్కడ ఒక మాట గమనింపదగినది. నంబరు ఎక్కువైనంత మాత్రాన నేత మంచిదని కాదు. సన్నని నూలును పలుచగా నేస్తే ఆ పంచె దోమతెర వలె ఉంటుంది. అంగుళమునకు పోగులు ఎన్ని పడినవో చూడవలెను. భూతద్దముతో అర అంగుళములోని పడుగు పోగులను, పేక పోగులను లెక్కించి, రెండు పంచెలను పోల్చి చూచుట ఉత్తమము. పడుగు దట్టముగా ఉండి పేక బాగా తగ్గినచో నేతలో పొదుపు చేశారన్నమాట.

పరీక్షలు

మొదట మడతను పూర్తిగా విప్పించవలెను. విప్పుటకు ఒప్పుకొనని అంగడిలో కొనకుండుటయే మంచిది. పంచెను వెలుగుకు ఎత్తి చూచినచో పేక ఒకే తీరున పడినదో లేదో తెలుస్తుంది. అడ్డముగా దట్టమైన, పలుచని పట్టీలు మార్చి మార్చి కనిపించుట పన్నె దెబ్బ సమముగా లేదనుటకు గుర్తు. చేతినేతలో అక్కడక్కడ ఒక లావు పోగు, చిన్న ముడి ఉండుట సహజము, దానిని లోపముగా ఎంచరాదు. తెగి వ్రేలాడే పోగులు, పేక తప్పిన సందులు, అంచు వంకరలు మాత్రము లోపములే.

తరువాతిది గంజి. నేతకు ముందు పడుగును వీధిలో బారుగా చాచి గంజి పట్టించుట నేతపనిలో భాగమే, గంజి ఉండుట తప్పు కాదు. పలుచని గుడ్డకు అతిగా గంజి దట్టించి బరువు తెప్పించుట తప్పు. ఒక మూలను రెండు చేతుల మధ్య గట్టిగా నలిపినచో గంజి పొడి రాలుతుంది, క్రింది గుడ్డ అసలు రూపు బయటపడుతుంది.

రంగు అంచు గల పంచెకు రంగు నిలకడ ప్రాణము వంటిది. తెల్లని రుమాలును తడిపి అంచుపై రుద్దినచో రంగు అంటరాదు. మొదటి ఉతుకులోనే ఎఱుపు తెల్లని గుడ్డలోకి దిగితే ఆ పంచె మరల పనికి రాదు.

జరీ మూడు తరగతులు. అసలు జరీలో పట్టు దారము చుట్టూ వెండి తీగ చుట్టి బంగారు పూత పూస్తారు. రెండవదానిలో వెండికి బదులు రాగి తీగ ఉంటుంది. మూడవది ప్లాస్టిక్ పొరతో చేసినది, ఇదే నేడు ఎక్కువ. అంచు కొసన ఒక పోగు లాగి నిప్పు చూపినచో ప్లాస్టిక్ కరిగి ముద్దకడుతుంది. గుడ్డ పోగుకు కూడా ఇదే పరీక్ష: నూలు కాగితము వాసనతో కాలి మెత్తని బూడిద అవుతుంది, పట్టు వెండ్రుకలు కాలిన వాసన వేస్తుంది, పాలిస్టరు గట్టి పూస వలె మిగులుతుంది. పట్టు పంచె అని అమ్మేవాటికి ఈ పరీక్ష తప్పనిసరి. కేంద్ర పట్టు మండలి 2004లో ప్రవేశపెట్టిన సిల్కు మార్కు ఉంటే ఈ శ్రమ తప్పుతుంది.

చేతిమగ్గమా, మరమగ్గమా

అన్నిటికంటె కష్టమైన ప్రశ్న ఇదే. నాడె లేని ఆధునిక యంత్రములపై నేసిన గుడ్డకు ప్రక్క అంచు కత్తిరించిన కుచ్చుగా గాని, లోనికి మడచినట్లు గాని ఉంటుంది; అట్టిది చేనేత కాదని ఖాయముగా చెప్పవచ్చును. అయితే నాడెతో నడిచే మరమగ్గముపై కూడా అంచు చేనేత వలె మూసుకొని ఉంటుంది గనుక, మూసిన అంచు మాత్రమే చూచి చేనేత అని నమ్మరాదు. చేతిమగ్గముపై గుడ్డ వెడల్పు ముడుచుకొనకుండా అడ్డముగా ఒక కర్రను బిగిస్తారు. దాని చివరల సూదులు దిగిన సన్నని రంధ్రములు అంచు వెంట దూరదూరముగా కనిపిస్తాయి. వీటితో పాటు పేక సాంద్రతలోని స్వల్ప తేడాలను కూడా కలిపి చూచినపుడే నిర్ణయమునకు రావలెను.

ముద్రలలో ప్రధానమైనది భారత ప్రభుత్వము 2006లో ప్రారంభించిన హ్యాండ్లూమ్ మార్కు. 2015 ఆగస్టు 7న, మొదటి జాతీయ చేనేత దినోత్సవము నాడు, ఇండియా హ్యాండ్లూమ్ బ్రాండు వచ్చినది. ఖాదీ వేరు: అందులో నేతయే గాక వడుకు కూడా చేతిదే. చేనేత పంచెకు మిల్లు నూలు వాడవచ్చును. శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖాదీ పంచెలు చేతితో వడికిన సన్ననూలుకు పేరుపొందినవి. అక్కడ ప్రత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు.

ఈ తేడా కొనుగోలుదారుని తృప్తికి సంబంధించినది మాత్రమే కాదు. 1985లో పార్లమెంటు చేసిన చేనేత రిజర్వేషన్ చట్టము క్రింద మొదట 22 రకముల వస్త్రములను చేతిమగ్గములకు కేటాయించి, తరువాత 11కు తగ్గించారు. ఆ జాబితాలో నిర్దిష్ట లక్షణములు గల పంచె నేటికీ ఉన్నది. 1993లో సుప్రీంకోర్టు ఈ చట్టమును సమర్థించినది. అయినను మరమగ్గపు పంచె చేనేత పేరుతో, చేనేత ధరకు అమ్ముడగుట ఆగలేదు. అట్లు అమ్ముడైన ప్రతి చాపు ఒక మగ్గము పనిని తీసివేస్తుంది. నూలు ధరలు పెరిగిన 1991లో ప్రకాశం, గుంటూరు జిల్లాల నేతకుటుంబములలో ఆకలి మరణములు సంభవించినవి.

కొనుటకు తగిన స్థలములు

తెనాలి నుండి చెన్నై వైపు రైలుమార్గములో నిడుబ్రోలు, బాపట్ల దాటిన తరువాత చీరాల వస్తుంది. 2022 ఏప్రిల్ 4 నుండి చీరాల, రేపల్లె రెండూ బాపట్ల జిల్లాలోనివే. తెనాలి మాత్రము గుంటూరు జిల్లాలో ఉన్నది. చీరాల, వేటపాలెం ప్రాంతము పేరుపొందిన నేత కేంద్రము. 1921లో పురపాలక పన్నులకు నిరసనగా ప్రజలు ఊరు విడిచిన చీరాల–పేరాల ఉద్యమము జరిగినది ఇచ్చటనే. చేనేత నాయకుడు ప్రగడ కోటయ్య నిడుబ్రోలు వాస్తవ్యుడు. వెంకటగిరిలోని చేనేత సాంకేతిక సంస్థకు ఆయన పేరు పెట్టారు.

తెనాలివారికి మంగళగిరి, బాపట్ల, రేపల్లెలవారికి చీరాల దగ్గర. సహకార సంఘము వద్ద కొన్నచో నూలు నంబరు అడిగి తెలుసుకొనవచ్చును, నేసినవారి ఊరు కూడా తెలుస్తుంది. ఆప్కో దుకాణములలో పండుగ రోజులలో రాయితీ ఇచ్చుట పరిపాటి.

సంరక్షణ

మొదటిసారి చన్నీటిలో విడిగా జాడించి, నీడలో ఆరవేయవలెను. బ్లీచింగు రంగు అంచుకు పడదు. జరీ పంచెకు గంజి మితముగా పెట్టి, అంచుపై పలుచని గుడ్డ వేసి ఇస్త్రీ చేస్తారు. పెట్టెలో దాచిన పంచెను అప్పుడప్పుడు విప్పి మడతలు మార్చి పెట్టవలెను. ఒకే మడతపై ఏళ్ళ తరబడి ఉంటే జరీ ఆ గీత వెంట విరుగుతుంది.