ఫుట్‌బాల్ మైదానంలో తిండీ నీళ్లూ: ధర తగ్గిస్తే నష్టమేనా?

తిరునాళ్లకు వెళ్లివచ్చినవారికి ఈ అనుభవం కొత్త కాదు. ఊరి అంగడిలో మామూలు ధరకు దొరికే సోడా, గుడి ముందరి పందిట్లో ఒకటిన్నర రెట్లు పలుకుతుంది. దాహం వేసినవాడు బేరమాడడు. ఆడదామన్నా పక్కన మరో అంగడి ఉండదు. వేరే దారి లేనివాడికి అమ్మేటప్పుడు ధర పెరగడం వ్యాపార లక్షణం.

పెద్ద ఫుట్‌బాల్ మైదానాల్లో ఇదే లక్షణం మరింత పెద్ద ఎత్తున కనిపిస్తుంది. ఒకసారి టికెట్టు చూపి లోపలికి అడుగుపెట్టిన ప్రేక్షకుడు, బయటికి వచ్చి తిని మళ్లీ వెళ్లడానికి సాధారణంగా వీలుండదు. భద్రత పేరిట ఇంటినుంచి తెచ్చుకున్న సీసాలను, తినుబండారాలను ద్వారం వద్దనే ఆపుతారు. లోపల ఉన్న అంగళ్లన్నీ ఒకే గుత్తేదారువి. ఇక ధరకు అడ్డేముంది? టికెట్టు కొనగలిగిన కుటుంబం కూడా పిల్లలు ఆకలి అన్నప్పుడు జేబు తడుముకోవలసిన పరిస్థితి అనేక దేశాల్లో ఉంది.

ఈ పద్ధతి మారదా? మారితే మైదానం నడిపేవారికి నష్టం వస్తుందా? అమెరికాలోని అట్లాంటా నగరంలో జరిగిన ఒక ప్రయోగం ఈ ప్రశ్నలకు స్పష్టమైన సమాధానమిచ్చింది.

అట్లాంటా ప్రయోగం

జార్జియా రాష్ట్ర రాజధాని అట్లాంటా తెలుగువారికి పరాయి ఊరేమీ కాదు. ఆ నగరపు ఉత్తర శివార్లలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడి ఉన్నాయి. అక్కడ 1992 నుంచి ఉన్న జార్జియా డోమ్ అనే పాత మైదానం స్థానంలో 2017 ఆగస్టులో మెర్సిడిస్ బెంజ్ స్టేడియం ప్రారంభమైంది. సుమారు 71 వేలమంది కూర్చోగల ప్రాంగణమిది.

ఇక్కడ ఒక చిన్న వివరణ అవసరం. అమెరికన్లు ఫుట్‌బాల్ అని పిలిచేది బంతిని చేతబట్టుకొని పరుగెత్తే వేరే ఆట. మనం ఫుట్‌బాల్ అనేదాన్ని వారు సాకర్ అంటారు. ఈ మైదానంలో రెండు ఆటలూ జరుగుతాయి. అట్లాంటా ఫాల్కన్స్ మొదటి ఆట జట్టు, అట్లాంటా యునైటెడ్ రెండవ ఆట జట్టు. రెండింటికీ యజమాని ఆర్థర్ బ్లాంక్ ఒక్కరే. గృహ నిర్మాణ సామగ్రి అమ్మే హోమ్ డిపో సంస్థ స్థాపకుల్లో ఆయన ఒకరు. చిల్లర వర్తకంలో తలపండినవాడు కాబట్టి, కొనుగోలుదారుని మనసు ఆయనకు తెలుసు.

మైదానం ఇంకా నిర్మాణంలో ఉండగానే, 2016లో ఆయన సంస్థ ధరల పట్టికను ప్రకటించింది. మంచినీళ్ల సీసా 2 డాలర్లు. ఎన్నిసార్లయినా నింపుకోగల శీతల పానీయం 2 డాలర్లు. హాట్ డాగ్, పేలాలు ఒక్కొక్కటి 2 డాలర్లు. పిజ్జా ముక్క 3 డాలర్లు. చీజ్ బర్గర్ 5 డాలర్లు. పాత మైదానంలోని ధరలతో పోలిస్తే ఇవి ఇంచుమించు సగం. అమెరికా క్రీడారంగంలో చాలామంది దీన్ని ప్రచారం కోసం చేసిన ప్రకటనగా భావించారు. ఒక్క ఏడాది గడిస్తే ధరలు మళ్లీ పైకి పోతాయని అనుకున్నారు.

ఆలోచన మాత్రం పూర్తిగా కొత్తది కాదు. అదే రాష్ట్రంలోని ఆగస్టా పట్టణంలో ఏటా జరిగే మాస్టర్స్ గోల్ఫ్ పోటీలో, ప్రపంచంలోని సంపన్నులు వచ్చే చోట, చీజ్ శాండ్‌విచ్‌ను ఏళ్ల తరబడి ఒకటిన్నర డాలరుకే అమ్ముతూ వచ్చారు. వచ్చినవారిని అతిథులుగా చూడాలన్నది అక్కడి సంప్రదాయం.

ఇది ఎలా సాధ్యమైంది?

ధర తగ్గించాలంటే మొదట ఒప్పందం మారాలి. సాధారణంగా మైదానాల యాజమాన్యం తిండి అమ్మకాలను గుత్తకు ఇచ్చి, అమ్మకాల్లో పెద్ద భాగాన్ని తాను తీసుకుంటుంది. గుత్తేదారు ఆ భారాన్ని ధరలో కలిపి ప్రేక్షకుడి నెత్తిన వేస్తాడు. అట్లాంటాలో వంట, వడ్డన బాధ్యతను లెవీ అనే సంస్థకు అప్పగించినా, ధర నిర్ణయించే హక్కును యాజమాన్యం తన చేతిలోనే ఉంచుకున్నది. ధరల తాళంచెవి గుత్తేదారు మొలలో లేకపోవడమే ఈ మార్పుకు పునాది.

రెండవది చిల్లర సమస్య. అమెరికాలో సాధారణంగా వస్తువు ధర వేరు, దానిపై పన్ను వేరు. రెండు డాలర్ల వస్తువుకు పన్ను కలిపితే రెండు డాలర్ల చిల్లర పైసలవుతుంది. ఆ పైసలు లెక్కపెట్టి తిరిగి ఇచ్చేసరికి వెనుక వరుస పెరుగుతుంది. అట్లాంటాలో పన్నును ధరలోనే కలిపి, అన్నింటినీ పూర్ణసంఖ్యలుగా నిర్ణయించారు. ప్రేక్షకుడు వరుసలో నిలబడి ఉండగానే తాను ఇవ్వవలసిన మొత్తాన్ని మనసులో కూడుకోగలడు.

మూడవది అమ్మే చోట్ల సంఖ్య. పాత మైదానంతో పోలిస్తే కొత్తదానిలో అమ్మకపు కౌంటర్లను సుమారు 65 శాతం పెంచారు. శీతల పానీయం నింపే యంత్రాలను కౌంటరు వెనుకనుంచి తీసి జనం నడిచే చోట ఉంచారు. ఖాళీ కప్పు చేతికిస్తే చాలు, నింపుకొనే పని ప్రేక్షకుడిదే. రెండవసారి నింపుకోవడానికి వరుసలో నిలబడనక్కరలేదు.

ఫలితం

2017 ఆటల కాలం ముగిసిన తరువాత యాజమాన్యం లెక్కలు వెల్లడించింది. ధరలు సగానికి తగ్గినా, ఒక్కొక్క ప్రేక్షకుడు తిండికి, పానీయాలకు పెట్టిన ఖర్చు అంతకుముందు ఏడాదికంటే 16 శాతం పెరిగింది.

ఈ సంఖ్యను కొంచెం విప్పి చూడాలి. ఇదివరకు ఒక కుటుంబం నూరు రూపాయలకు, పది రూపాయల వస్తువులు పది కొన్నదనుకుందాం. ధర ఐదు రూపాయలైంది. ఖర్చు 116 రూపాయలైంది. అంటే కొన్న వస్తువులు పదినుంచి ఇరవైమూడుకు పెరిగాయి. అంతకుముందు ఇంటిదగ్గరే తిని వచ్చినవారు, దాహాన్ని అణచుకొని కూర్చున్నవారు ఇప్పుడు కొనసాగారు. లోపలే భోజనం చేయవచ్చని ఆట మొదలయ్యే సమయానికి చాలా ముందుగా రావడం కూడా ఎక్కువైంది. ఆ లీగ్ నిర్వహించిన అభిమానుల అభిప్రాయ సేకరణలో తిండి విషయంలో ఈ మైదానం మొదటి స్థానంలో నిలిచింది. 2019 నాటికి హాట్ డాగ్ ధరను ఇంకా తగ్గించి ఒకటిన్నర డాలరు చేశారు. 2018లో బాల్టిమోర్ జట్టు కూడా తన మైదానంలో ధరలు తగ్గించింది.

అయితే ఒక హెచ్చరిక కూడా చెప్పుకోవాలి. రెట్టింపుకు పైగా వస్తువులు అమ్మాలంటే వండే చేతులు, అందించే చేతులు అంతకంతకు పెరగాలి. కాబట్టి ఖర్చు పెరిగిన ప్రతి రూపాయీ లాభమే అనుకోరాదు. పైగా కొత్త మైదానమన్న ఆకర్షణ మొదటి ఏడాది కొంత తోడ్పడి ఉంటుంది. జట్టూ, మైదానపు నిర్వహణా ఒకే యజమాని చేతిలో ఉండడం కూడా ఒక సౌకర్యం. ఇవన్నీ తీసివేసినా, ధర తగ్గిస్తే దివాలా తీస్తామన్న భయం నిజం కాదని మాత్రం తేలింది.

పదిహేను నిమిషాల లెక్క

ధరతోపాటు కాలం కూడా ముఖ్యం. మనం ఎరిగిన ఫుట్‌బాల్‌లో నలభై ఐదేసి నిమిషాల రెండు భాగాల మధ్య పదిహేను నిమిషాల విరామం ఉంటుంది. నలభై వేలమంది ఉన్న మైదానంలో నాలుగోవంతు మంది, అంటే పదివేలమంది, ఆ విరామంలో లేచి వచ్చారనుకుందాం. ఒక్కొక్కరికి ఒక నిమిషం పడితే, ఒక కౌంటరు పదిహేనుమందికి మాత్రమే అందించగలదు. నూరు కౌంటర్లున్నా పదిహేను వందల మందికే చేరుతుంది. మిగిలిన ఎనిమిదిన్నర వేలమంది ఆకలితోనో, ఆట కొంత పోగొట్టుకొనో తిరిగి వెళ్లాలి. అదే అర నిమిషంలో పని ముగిస్తే, అదే నూరు కౌంటర్లు మూడువేల మందికి అందిస్తాయి. అందుకే తెలివిగల నిర్వాహకులు సెకన్లను లెక్కపెడతారు.

ఇంగ్లండులో ఈ చిక్కు మరింత బిగుసుకున్నది. అక్కడ 1985లో వచ్చిన చట్టం ప్రకారం, పెద్ద ఫుట్‌బాల్ ఆటల్లో మైదానం కనిపించే చోట మద్యం తాగకూడదు. అల్లర్లను అరికట్టడానికి చేసిన చట్టమది. దాని ఫలితంగా తాగేవారందరూ విరామంలో ఒక్కసారిగా వెనుక వసారాలకు దిగుతారు. లండన్‌లో 2019 ఏప్రిల్‌లో ప్రారంభమైన టోటెన్‌హామ్ మైదానంలో ఈ రద్దీని తట్టుకోవడానికి 65 మీటర్ల పొడవున ఒకే కౌంటరు కట్టారు. కప్పు అడుగునుంచి పానీయం దానంతట అదే నిండే యంత్రాలు పెట్టారు. పోసేవాడు ఒక్కొక్క కప్పు పట్టుకొని నిలబడవలసిన పని లేకపోవడంతో ఒకే మనిషి ఒకేసారి పలువురికి అందించగలడు.

ధర, వరుస అనే ఈ రెండూ ఒకే బండికి కట్టిన జోడెడ్లవంటివి. ధర తగ్గించి కౌంటర్లు పెంచకపోతే వరుస పెరిగి జనం విసుగుతారు. కౌంటర్లు పెంచి ధర తగ్గించకపోతే అవి ఖాళీగా ఉంటాయి.

నగదు లేనివాడు, ఉన్నవాడు

వేగం కోసమే టోటెన్‌హామ్ మైదానం మొదటినుంచీ నగదు తీసుకోలేదు. అట్లాంటా 2019 మార్చిలో ఆ దారి పట్టింది. మరి కార్డు లేని వృద్ధులు, పిల్లలు, పేదవారి సంగతేమిటి? అట్లాంటాలో ఇందుకు తిరగేసిన ఏటీఎం వంటి యంత్రాలు పెట్టారు. నోట్లు లోపలికి వేస్తే అంత విలువగల కార్డు బయటికి వస్తుంది. సౌకర్యం పేరిట ఎవరినీ వెలివేయరాదన్న జాగ్రత్త ఇందులో ఉంది. ఫోనుతో చెల్లింపులు మన పల్లెల్లోకి వచ్చిన ఈ కాలంలో, సిగ్నలు అందని చోట నోటు పట్టుకొని నిలబడే పెద్దవారిని మనమూ మరువరాదు.

నీరు వ్యాపారం కాదు

తిండి ఆలస్యమైతే విసుగు. నీరు ఆలస్యమైతే ప్రాణాపాయం. 2023 నవంబరు 17న బ్రెజిల్‌లోని రియో డి జనైరో నగరంలో, బొటాఫోగో ఫుట్‌బాల్ జట్టుకు నిలయమైన నిల్టన్ శాంటోస్ మైదానంలో ఒక సంగీత కచేరీ జరిగింది. ఆనాడు నగరంలో వడగాడ్పులు. బయటినుంచి నీళ్ల సీసాలు తేనివ్వలేదని అభిమానులు ఫిర్యాదు చేశారు. ఆ రాత్రి ఒక యువతి స్పృహ తప్పి మరణించింది. ఎండవేడిమివల్ల కలిగిన అలసటే కారణమని శవపరీక్షలో తరువాత తేలింది. మరునాడే బ్రెజిల్ ప్రభుత్వం కచేరీలకు వచ్చేవారు సీసాలో నీళ్లు తెచ్చుకోవచ్చుననీ, ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు నిర్వాహకులు ఉచితంగా నీరివ్వాలనీ ఆదేశించింది. ఒక నిండు ప్రాణం పోయిన తరువాత వచ్చిన ఉత్తర్వు అది.

మన సంగతి

2013లో ఏర్పడిన బెంగళూరు ఎఫ్‌సీ జట్టు శ్రీ కంఠీరవ మైదానంలో ఆడిన ఆటలకు, హోసూరు, బాగేపల్లి వైపు యువకులకు పోలేనంత దూరం లేదు. అటువంటి చోట్లకు వెళ్లేవారు ఒక హక్కును గుర్తుంచుకోవాలి. 2009 నాటి తూనికలు, కొలతల చట్టం కింద, సీసాపై అచ్చువేసిన గరిష్ఠ చిల్లర ధరకు మించి అంగడివాడు వసూలు చేయరాదు. ఒకే సరుకుకు ఊళ్లో ఒక ధర, మైదానంలో ఒక ధర అచ్చువేసే పద్ధతిని కూడా 2018 జనవరి నుంచి నిషేధించారు. ఎక్కువ అడిగితే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫిర్యాదు చేయవచ్చు.

ఇక మన ఊళ్లలో సంక్రాంతికో, దసరాకో ఆటల పోటీలు జరిపే యువజన సంఘాలకు అట్లాంటా అంత డబ్బు అవసరం లేదు. మైదానానికి రెండు వైపులా కుండల్లో చల్లని నీళ్లు ఉంచాలి. అంగడి పెట్టేవారితో ముందే మాట్లాడి ధర నిర్ణయించి, దూరానికి కనిపించేలా పలక కట్టించాలి. ధరలు పదీ, ఇరవై అన్నట్లు చిల్లర అక్కరలేని అంకెలుగా ఉండాలి. ఒకే మూల ఒకే అంగడి కాకుండా రెండు మూడు చోట్ల పెట్టించాలి.

ఎండలో చలివేంద్రం పెట్టి దారిన పోయేవారికి మజ్జిగ పోసిన పెద్దలున్న ఊళ్లు మనవి. ఆట చూడవచ్చినవాడిని చిక్కిన బేరంగా కాక ఇంటికి వచ్చిన చుట్టంగా చూస్తే, మరుసటి ఏడు అతడు తన కుటుంబాన్ని కూడా వెంటబెట్టుకొని వస్తాడు. అట్లాంటాలో తేలిన లెక్క కూడా అదే.