గ్యాస్ మాత్ర పక్కన క్యాన్సర్ మాత్ర

పొద్దున లేవగానే పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకునే అలవాటు మన ఇళ్లలో చాలామందికి ఉంది. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటివి చీటీ లేకుండానే మందుల షాపులో దొరుకుతాయి. ఏళ్ల తరబడి వేసుకుంటారు. ‘ఇంకేమైనా మందులు వాడుతున్నారా?’ అని డాక్టరు అడిగినప్పుడు మాత్రం అది ఒక మందని గుర్తుకే రాదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఎర్లోటినిబ్ మాత్ర వాడే మనిషి ఒమెప్రజోల్ కూడా వేసుకుంటే రక్తంలోకి చేరే ఎర్లోటినిబ్ 46 శాతం తగ్గిపోతుంది. మాత్ర రోజూ మింగుతూనే ఉంటారు, డబ్బు ఖర్చవుతూనే ఉంటుంది, కణితికి అందేది సుమారు సగమే.

ఎర్లోటినిబ్, దానికంటే ముందొచ్చిన జెఫిటినిబ్ కడుపులో ఆమ్లం ఉంటేనే సరిగా కరుగుతాయి. గ్యాస్ మాత్ర చేసే పనే ఆ ఆమ్లం ఊరకుండా ఆపడం. కరగని మందు పేగు గోడ దాటి రక్తంలోకి వెళ్లలేదు. అదే జబ్బుకు ఇచ్చే ఒసిమెర్టినిబ్‌కు ఈ బెడద లేదు. అందుకే ‘క్యాన్సర్ మాత్ర వాడుతున్నాం’ అంటే సరిపోదు. దాని అసలు పేరు ఇంట్లో ఒక్కరికైనా నోటికి వచ్చి ఉండాలి. ఒకే మందును వేర్వేరు కంపెనీలు వేర్వేరు పేర్లతో అమ్ముతాయి కాబట్టి ఇది మరీ ముఖ్యం. హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా జెఫిటినిబ్‌ను జెఫ్టినాట్ అనీ, ఎర్లోటినిబ్‌ను ఎర్లోనాట్ అనీ అమ్ముతుంది. డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉన్న పేరు కింద చిన్నక్షరాల్లో ఉండేదే అసలు పేరు.

ఈ మందులు అందరికీ పనిచేసేవి కావు. మన కణాల పైపొర మీద ఈజీఎఫ్ఆర్ అనే ప్రొటీన్ ఉంటుంది. బయటి నుంచి సంకేతం వచ్చినప్పుడే కణానికి ‘పెరుగు’ అని చెప్పడం దాని పని. దాని జన్యువులో మార్పు వస్తే సంకేతం లేకపోయినా అదే ఆజ్ఞ ఇస్తూ ఉంటుంది. మాత్రలోని మందు ఆ ప్రొటీన్‌లోకి దూరి ఆజ్ఞ ఆగేలా చేస్తుంది. ఈ జన్యుమార్పు సంగతి 2004లో బయటపడింది. జెఫిటినిబ్ అప్పటికే మార్కెట్లో ఉంది, కానీ అది కొందరిలోనే ఎందుకు పనిచేస్తోందో అంతవరకూ ఎవరికీ తెలియదు. మన దేశంలో అడినోకార్సినోమా రకం ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవారిలో సుమారు నాలుగో వంతు మందికి ఈ మార్పు కనిపిస్తుంది. పొగ తాగని వాళ్లలో, ఆడవాళ్లలో ఇంకా ఎక్కువ. ఏఎల్‌కే అనే మరో జన్యువులో తేడా ఉన్నవారికి క్రిజోటినిబ్, అలెక్టినిబ్, లోర్లాటినిబ్ వంటివి వేరే ఉన్నాయి. ముక్క పరీక్షలోనో రక్త పరీక్షలోనో ఆ మార్పు తేలాకే మాత్ర మొదలుపెట్టాలి.

సరిగా పడితే ఈ మందులు చేసే మేలు తక్కువది కాదు. ఫ్లారా అనే అంతర్జాతీయ పరీక్షలో, జబ్బు మళ్లీ ముదరకుండా ఆగిన మధ్యస్థ కాలం పాత మాత్రలతో 10.2 నెలలైతే ఒసిమెర్టినిబ్‌తో 18.9 నెలలు. ఇంత మేలు చేసే మందు ఇంట్లోనే, మంచినీళ్లతో మింగే మాత్రగా దొరకడం గొప్ప సంగతి. అయితే కీమోథెరపీ ఇచ్చే రోజు రక్త పరీక్ష చూసేవారుంటారు, మోతాదు సరిచూసే నర్సు ఉంటుంది, ఏదైనా తేడా వస్తే పక్కనే డాక్టరు ఉంటారు. మాత్ర ఇంటికొచ్చాక ఆ పనులన్నీ రోగి మీద, ఇంట్లోవాళ్ల మీద పడతాయి. ఆ సంగతి వాళ్లకు చాలాసార్లు ఎవరూ విడమరచి చెప్పరు.

తిండి సంగతే చూడండి. ఎర్లోటినిబ్ భోజనానికి గంట ముందైనా, రెండు గంటల తర్వాతైనా వేసుకోవాలి. కడుపు నిండా తిని వేసుకుంటే రక్తంలోకి ఎక్కువగా చేరి ఒంటి మీద దద్దుర్లు, విరేచనాలు ముదురుతాయి. అలెక్టినిబ్ దీనికి పూర్తిగా ఎదురు. భోజనంతో వేసుకుంటే పరగడుపున వేసుకున్నప్పటికంటే మూడు రెట్లు ఒంటబడుతుంది. ఒసిమెర్టినిబ్‌కు తిండితో పనిలేదు. పక్క మంచం వాళ్లు చెప్పిన పద్ధతి మీ మాత్రకు సరిపోకపోవచ్చు.

రక్తంలోకి చేరిన మందును కాలేయం విరగ్గొట్టి బయటికి పంపుతుంది. ఈ మందుల విషయంలో ఆ పని ఎక్కువగా సివైపీ3ఏ4 అనే ఎంజైమ్‌ది. మన దేశంలో దీన్ని గురించి అందరికంటే ఎక్కువ జాగ్రత్తపడాలి, ఎందుకంటే మనకు క్షయ ఎక్కువ. క్షయ చికిత్సకు మూలస్తంభమైన రిఫాంపిసిన్ ఈ ఎంజైమ్‌ను విపరీతంగా పెంచుతుంది. అప్పుడు ఒంట్లో ఉండే ఒసిమెర్టినిబ్ 78 శాతం తగ్గుతుంది. ఎక్స్‌రేలో మచ్చ, తగ్గని దగ్గు, బరువు తగ్గడం రెండు జబ్బుల్లోనూ ఉంటాయి కాబట్టి, ముందు క్షయ మందులు వాడి తర్వాత క్యాన్సర్ అని తేలినవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. లోర్లాటినిబ్‌తో అయితే ప్రమాదం మరో రకం. ఆరోగ్యవంతులైన 12 మందికి రిఫాంపిసిన్‌తో కలిపి లోర్లాటినిబ్ ఒక్క మోతాదు ఇస్తే 10 మందికి కాలేయం తీవ్రంగా దెబ్బతింది. ఈ రెండూ కలిపి వాడకూడదు. క్యాన్సర్ మెదడుకు పాకి ఫిట్స్ వచ్చినప్పుడు ఇచ్చే ఫెనిటోయిన్, కార్బమజెపైన్ కూడా ఆ ఎంజైమ్‌ను పెంచేవే. ఫిట్స్‌కు వేరే మందులున్నాయి. న్యూరాలజీ డాక్టరుకు ముందే చెబితే అవే రాస్తారు.

ఎంజైమ్‌ను అణచివేసే మందులతో ఇబ్బంది ఇంకో వైపు నుంచి వస్తుంది. తామరకు షాపులో అడిగి తెచ్చుకునే ఇట్రాకొనజోల్ అలాంటిదే. దాంతో జెఫిటినిబ్, ఎర్లోటినిబ్ రక్తంలో పేరుకుపోతాయి. పంపరపనస జాతి పండ్లలోనూ ఆ గుణం ఉంది, కాబట్టి మందు వాడినన్నాళ్లూ వాటిని పక్కన పెట్టడం మేలు. ఎర్లోటినిబ్ వాడుతూ సిగరెట్ తాగితే మందు సగానికి మించి తగ్గిపోతుంది. నాటు మందులు, పొడులు, కషాయాల్లో ఏం కలుస్తుందో తెలియదు కాబట్టి డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టకండి. తిట్టే డాక్టరు కంటే దాచిన పొడి ప్రమాదం.

ఈజీఎఫ్ఆర్ చర్మంలోనూ, పేగుల్లోనూ ఉంటుంది. అందుకే ఈ మాత్రలతో ముఖం మీద, ఛాతీ మీద మొటిమల్లాంటి పొక్కులు, చర్మం ఎండిపోవడం, గోరుచుట్టు, నీళ్ల విరేచనాలు వస్తాయి. అవి మామూలు మొటిమలు కావు. మొటిమల క్రీములు రాస్తే చర్మం ఇంకా ఎండి మండుతుంది. వాసన లేని తేమ క్రీము రాసుకోవాలి, ఎండ తగలకుండా చూసుకోవాలి, ఆపైన డాక్టరు రాసిన పూతలు, మాత్రలు. విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ వెంటనే తాగాలి, ఆపే మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ముందే అడిగి పెట్టుకోవాలి. చాలామంది ఇవన్నీ పళ్లబిగువున ఓర్చుకుంటారు. చెబితే డాక్టరు మందు ఆపేస్తారేమో, మందు ఆగితే ప్రాణం పోతుందేమో అని భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది, కానీ దానికి ఆధారం లేదు. అవసరమైతే కొన్నాళ్లు ఆపి మళ్లీ మొదలుపెట్టే పద్ధతి ఉంది, ఒసిమెర్టినిబ్‌ను 80 నుంచి 40 మిల్లీగ్రాములకు తగ్గించే పద్ధతీ ఉంది. చెప్పకుండా ఓర్చుకుని చివరికి విసిగి తామే మానేసేవారికి జరిగే నష్టమే ఎక్కువ.

కొన్ని లక్షణాల దగ్గర మాత్రం ఓర్పు అసలు పనికిరాదు. కొత్తగా వచ్చిన ఆయాసం, పొడి దగ్గు, జ్వరం. ఈ మందులు కొద్దిమందిలో ఊపిరితిత్తుల కణజాలానికే వాపు తెస్తాయి. ప్రపంచంలో జెఫిటినిబ్‌కు మొట్టమొదట అనుమతి ఇచ్చింది జపాన్, 2002 జులైలో. ఇంట్లో వేసుకునే తేలికైన మాత్ర, దుష్ఫలితాలు తక్కువ అన్న పేరుతో అది వేగంగా వ్యాపించింది. అక్టోబరుకే ప్రభుత్వం అత్యవసర హెచ్చరిక జారీ చేయవలసి వచ్చింది. ఆ ఏడాది చివరికి ఈ ఊపిరితిత్తుల వాపుతో వందకు పైగా మరణాలు నమోదయ్యాయి. ఆ తర్వాత అక్కడ మొదటి నాలుగు వారాలు ఆస్పత్రిలోగాని, అంత దగ్గరి పర్యవేక్షణలోగాని మందు వాడాలని నియమం పెట్టారు. మందు చెడ్డదని కాదు, తేలికైనదనుకుని కాపలా లేకుండా వాడటమే ముప్పు తెచ్చింది. ఒసిమెర్టినిబ్‌తో ఇది నూటికి నలుగురికి వస్తుంది. ఆయాసం ఉన్న జబ్బే కదా, అదే కాస్త పెరిగిందిలే అనుకోవడం సహజం. అలా అనుకోవద్దు. ఆయాసం కొత్తగా వచ్చినా, హఠాత్తుగా పెరిగినా తర్వాతి మాత్ర వేసుకోకుండా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. గుండెదడ, కళ్లు తిరిగి పడిపోవడం కూడా అదే రోజు చెప్పాల్సినవే. ఒసిమెర్టినిబ్ గుండె లయను మార్చగలదు, అజిత్రోమైసిన్ వంటి కొన్ని యాంటీబయాటిక్స్ కూడా మార్చగలవు.

ఒక పూట మరిచిపోతే ఏం చేయాలని అందరూ అడుగుతారు. ఒసిమెర్టినిబ్ అయితే తర్వాతి మాత్రకు పన్నెండు గంటల కంటే ఎక్కువ సమయం ఉన్నప్పుడు వేసుకోవచ్చు, లేకపోతే వదిలేయాలి. వాంతి అయిందని మరో మాత్ర వేసుకోకూడదు, రెండు కలిపి ఎప్పుడూ మింగకూడదు. మింగలేనివారు ఒసిమెర్టినిబ్‌ను నూరకుండా పావు గ్లాసు మంచినీళ్లలో వేసి, కలిపి, తేలుతున్న నలుసులతో సహా తాగి, గ్లాసు కడిగి ఆ నీళ్లూ తాగాలి. సోడా, కూల్‌డ్రింకులు పనికిరావు. అలెక్టినిబ్ క్యాప్సూల్‌ను విప్పకూడదు.

చివరిగా డబ్బు సంగతి. మాత్రలు ఎక్కువ రోజులు వస్తాయని రోజు విడిచి రోజు వేసుకునే ఇళ్లున్నాయి. 2024 జులై బడ్జెట్‌లో ఒసిమెర్టినిబ్‌పై కస్టమ్స్ సుంకం ఎత్తివేశారు, ఆ సెప్టెంబరులో జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించాలని నిర్ణయించారు. అయినా అది మధ్యతరగతికి బరువే. రోజు విడిచి రోజు వేసుకున్న మనిషి స్కాన్‌లో కణితి పెరిగి కనిపిస్తే, మందు ఓడిపోయిందని డాక్టరు అనుకుంటారు. పనిచేసే మందును ఆపి, కీమోకు మారుస్తారు. అదే మొదటి రోజునే ‘నెలకు ఇంతకంటే పెట్టలేం’ అని చెప్పి ఉంటే, జన్యుపరీక్ష ఫలితాన్ని బట్టి, తక్కువ ధరకు దొరికే జెఫిటినిబ్ జనరిక్‌ను రోజూ, పూర్తి మోతాదులో రాసి ఇచ్చి ఉండేవారు.