డీజిలుబండియు, గొట్టపుకొలతయు

వంటయింటి డబ్బాలలో నేది ఉప్పో, యేది పటికబెల్లమో చీకటిలోనైనను చెప్పగల మనము, మన యింటిని పోషించు బండిలో నేమి పోయుచున్నారో పట్టపగలైనను చూడము. “అది డ్రైవరు చూచుకొనును” అని యూరకుందుము. అట్లూరకుండుటవలన మా యక్కగారికి కలిగిన నష్టమును, దానిమూలమున నేను నేర్చుకొన్న సంగతులను ఇచట విన్నవించుచున్నాను.

మా యక్కను పులివెందుల ప్రాంతమున నిచ్చినారు. అది అరటితోటలకును, చీనితోటలకును పేరుపడిన సీమ. బావగారు పక్షవాతముతో మంచము పట్టినది మొదలు సంసారభారమంతయు అక్కమీదనే పడినది. ఆమె అప్పుచేసి యొక డీజిలు పికప్పుబండిని కొని, పొరుగింటి యువకుని డ్రైవరుగా నుంచినది. తోటలవారి అరటిగెలలను ముద్దనూరు మీదుగా జమ్మలమడుగునకును, అచటినుండి ప్రొద్దుటూరికిని తోలించి, ఆ బాడుగతో బండివాయిదాలు కట్టుచు, పిల్లలను చదివించుకొనుచుండెను.

గడచిన వేసవిలో నొకనాటి రాత్రి, సగము గెలలను జమ్మలమడుగున దింపి ప్రొద్దుటూరికి వచ్చుచు, డ్రైవరు దారిలో నొక బంకునొద్ద బండి నాపెను. టాంకీమూత తీసి, “ఇరువది లీటర్లు పోయి అబ్బీ” అని చెప్పి టీ త్రాగబోయెను. డీజిలని అతడు చెప్పలేదు. బంకు కుఱ్ఱవాడు అడుగలేదు. దగ్గఱనున్న పెట్రోలు గొట్టమును తీసి టాంకీలో నుంచెను. అది యే యడ్డును లేక దూరినది.

కొన్ని కిలోమీటర్లు పోవునంతలో బండి వణకి నిలిచిపోయెను. కారణ మెఱుగని డ్రైవరు తెల్లవాఱుదాక మరల మరల తాళము త్రిప్పుచునే యుండెను. గెలలు మఱునాటి యెండకు మగ్గి సగము వెలకైనను పోలేదు. మెకానికు ఇంధనపు పంపును విప్పగా లోన లోహపుపొడి కనబడెను. బండి బాగగుటకు పదునొకండు దినములు పట్టినది. ఈలోగా వాయిదా గడువు వచ్చినది. బంగారపు అంగళ్లకు పేరుపొందిన ప్రొద్దుటూరికి అక్క గాజులు కొనుటకు కాక, చేతిగాజులు కుదువ పెట్టుటకు వచ్చినది. మా యింట కూర్చుండి, “చెల్లీ, గాజులు పోయెనని కాదే నా దిగులు. పోసినప్పుడు నేను ప్రక్కనే యున్నను నాకు తెలిసియుండెడిది కాదు గదా!” అన్నది. ఆ మాట నా మనసున నాటుకొన్నది.

బంకువారు ‘గన్’ అని పిలుచు గొట్టపు మొనలు అన్నియు ఒక్క కొలతవి కావు. పెట్రోలు గొట్టపు మొన వెలుపలి వెడల్పు సుమారు 21 మిల్లీమీటర్లు. డీజిలు గొట్టము సాధారణముగా 24 లేక 25 మిల్లీమీటర్లు. లారీలకును బస్సులకును పోయు పెద్ద గొట్టము 30 మిల్లీమీటర్లు దాటియుండును. డీజిలు గొట్టమును పెట్రోలుకారునోట పెట్టిన దూరదు. కావున ఆ పొరపాటు తనంతట తానే తప్పిపోవును. కాని పెట్రోలు గొట్టము డీజిలుబండినోట సులభముగా దూరును. అనగా ఈ కొలతల కట్టుబాటు పెట్రోలుబండిని కాపాడును గాని డీజిలుబండిని కాపాడదు.

ఈ కట్టుబాటు డీజిలుబండ్లను తలచి పుట్టినది కాదు. 1970వ దశకమున అమెరికాలో మోటారుకార్ల పొగను శుద్ధిచేయు పరికరములు వచ్చినవి. సీసము కలిసిన పెట్రోలు వానిని చెఱచును. అందుచేత సీసములేని పెట్రోలు గొట్టము 0.84 అంగుళమును మించరాదనియు, సీసము కలిసినదాని గొట్టము 0.93 అంగుళమునకు తగ్గరాదనియు అచటి ప్రభుత్వము శాసించి, క్రొత్తకార్ల నోళ్లను ఇరుకు చేయించెను. మన దేశమున సీసములేని పెట్రోలు 1995 ఏప్రిలులో నాలుగు మహానగరములకు వచ్చినది. 2000 సంవత్సరపు ఫిబ్రవరికి సీసపు పెట్రోలు దేశమంతట నిలిచిపోయినది. సీసము పోయినను ఇరుకునోరు నిలిచినది.

ఒక్క పాలసముద్రముననే అమృతమును హాలాహలమును పుట్టినట్లు, ఒక్క ముడినూనెనుండియే పెట్రోలును డీజిలును వచ్చును. తన చోట నేదియు విషము కాదు. చోటు తప్పిననే కీడు. డీజిలు జిడ్డుగలది. ఇంజనుకు నిప్పగుటయేకాక, ఇంధనపు పంపులోని సన్నని భాగములు ఒరసికొనకుండ చమురుగాను పనిచేయును. పెట్రోలు ఆ జిడ్డును కడిగివేయును. అప్పుడు ఇనుమును ఇనుమును రాచుకొని పొడి రాలును. ఆ పొడి ఇంధనమును చిమ్ము సూక్ష్మరంధ్రములకు చేరి వానినిగూడ చెఱచును. తాళము త్రిప్పినకొలది హాని పెరుగుట కిదియే హేతువు.

డీజిలింజను జిడ్డునకు చుట్టమని తెలుపు ముచ్చట యొకటి కలదు. 1900 సంవత్సరమున పారిసు ప్రదర్శనశాలలో నొక చిన్న డీజిలింజనును వేరుసెనగనూనెతో నడిపి చూపిరి. మన కడప జిల్లా పొలములలో పండెడి వేరుసెనగయే! అట్లని నేటి బండ్లలో వంటనూనె పోయరాదు సుమా. వాని పంపులు మిక్కిలి సుకుమారములు.

ఇక పెద్ద గొట్టముమాట. లారీగొట్టము పికప్పునోట దూరనిచో బలవంతము చేయరాదు. దూరినను మెల్లగా పోయుమని చెప్పవలయును. గొట్టపు మొనయొద్ద చిన్నరంధ్రమొకటి యుండును. డీజిలు పాఱునపుడు ఆ రంధ్రముగుండ గాలి లోనికి పోవుచుండును. టాంకీ నిండి రంధ్రము మూసికొనినంతనే గాలి యాగి, మీట టక్కున పడిపోవును. అయితే వేగముగా పోసిన డీజిలు నురుగెత్తును. ఆ నురుగు రంధ్రమును మూసినను మీట పడును. పొంగిన పాలు గిన్నెనిండ కనబడి, పొంగణగినంతనే అడుగునకు దిగుట మనకు తెలియనిదా? అట్లే టాంకీ నిండకమునుపే నిండినట్లు తోచును. అప్పుడు నురుగు అణగువఱకు నిలిచి, మెల్లగా పోయించినచాలు. మీట మరల మరల నొక్కి అంచుదాక నింపుట డీజిలు నేలపాలు చేయుటకే.

2020 ఏప్రిలు 1వ తేదీనుండి దేశమంతట వచ్చిన బి.ఎస్.-6 బండ్లలో కొన్నింటికి నీలిమూతగల రెండవ నోరు కలదు. అది పొగను శుద్ధిచేయు యూరియానీటికి. అందు డీజిలు పోయరాదు. డీజిలు టాంకీలో ఆ నీరు పోయరాదు.

గొట్టపుకొలతను చూచి యింధనమును నిర్ణయింపరాదు. కొన్నిచోట్ల డీజిలునకును సన్నపుగొట్టమే యుండును; రంగులును అన్నిచోట్ల నొక్కటి కావు. కావున పోయించువారు బండి దిగి నిలిచి, నోటితో “డీజిలు” అని చెప్పవలయును; యంత్రముమీది పేరు చదువవలయును; రసీదు తీసికొని చూడవలయును. పొరపాటున పెట్రోలు పడినచో, కొంచెమే గదా యని తాళము త్రిప్పరాదు. బండిని ప్రక్కకు నెట్టించి, మెకానికుచే టాంకీ నంతయు ఖాళీచేయింపవలయును. అంతటితో అది స్వల్పవ్యయము; తాళము త్రిప్పిన మహావ్యయము.

ఇప్పుడు మా యక్క ముగ్గులు వేయు చేతితోనే టాంకీమూతపై తెల్లరంగున “డీజిలు మాత్రమే” అని పెద్ద యక్షరములతో వ్రాసినది. రసీదు లేనిదే డ్రైవరుకు లెక్క ముగియదు. గాజులలో నొకటి విడిపించుకొన్నది. రెండవది యింకను ప్రొద్దుటూరిలోనే యున్నది.

సోదరీమణులారా! మీ యింట డీజిలుబండి యున్నచో, నేటి సాయంకాలమే దాని టాంకీమూతను ఒకమారు చూడుడు. వ్రాత లేకున్న మీ చేతనే వ్రాయుడు.